జొన్నపాతర నుండి సన్నబియ్యము వరకు

పల్నాటి సీమలోను, కర్నూలు నల్లరేగడి గ్రామములలోను, తెలంగాణపు మెట్టపల్లెలలోను, పెద్దకాపుల యిండ్ల ముంగిట నొకచో, ఊరి నడిమి మిట్టనేల నొకచో, కొన్ని తరముల క్రిందటి వరకు జొన్నపాతరలు ఉండెడివి. నీరూరని గట్టినేలను ఎంచుకొని, మనిషి దిగుటకు మాత్రమే చాలునంత ఇరుకు మూతితో గోయి త్రవ్వి, అడుగునకు పోవుకొలది దానిని కుండకడుపువలె వెడల్పుచేసి, లోపల మంటవేసి గోడలను కాల్చి, చెమ్మ సోకకుండ చుట్టును గడ్డి పరచి, అందు పుట్లకొలది జొన్నలు పోసి, మూతిపై బండవైచి మన్ను కప్పెడివారు. గాలి చొరని ఆ చీకటిలో పురుగు బ్రతుకజాలదు. గింజ యేండ్లతరబడి చెడక నిలుచును. గాదెలోని ధాన్యము ఈ యేటి కొరకు. పాతరలోనిది వాన రాని యేటి కొరకు.

పాతర తీయుటకును ఒక పద్ధతి ఉండెను. మూత తొలగించిన వెంటనే లోనికి దిగరాదు. గింజ విడిచిన ఆవిరి ఆ బిలములో నిండియుండి, తొందరపడి దిగినవానిని ఊపిరాడనీయక పడవేసెడిది. కావున మూత తీసి, కొంతసేపు గాలి సోకనిచ్చి, దీపమునొకదానిని త్రాటితో దింపి, అది ఆరక వెలుగుచుండుట చూచిన పిమ్మటనే మనిషిని దింపెడివారు. ఇంకొక సంగతియు మరవరాదు. పాతర ఊరందరిది కాదు. కూలివాని యింట పాతర లేదు. కరవుకాలమున అతడు పాతర గల కాపు గుమ్మమున నిలిచి, గింజలను నాగుకు తెచ్చుకొని, పంటనాటికి ఒకటికి ఒకటిన్నరగా కొలిచి యిచ్చెడివాడు. కరవును దాటించిన గోతియే కొందరిని తరతరములు అప్పులో పూడ్చిన గోతియు నైనది.

ఆ పాతరలు నేడు పూడిపోయినవి. నెలనెల చౌకదుకాణమున బియ్యము దొరకుచుండగా పాతరతో పనియేమి? ఆకలిచావు అను మాటను కథలలో తప్ప వినని తరమొకటి తెలుగునాట పెరిగి పెద్దదైనది. ఇది మన చరిత్రలో చిన్న విజయము కాదు. అయినను, ఆకలి వెడలిపోయిన ఆ గుమ్మముననే రక్తహీనతయు స్థూలకాయమును జంటగా ఇల్లు చొచ్చినవి. ఒకే పంక్తిలో కూర్చున్న తల్లికి నెత్తురు చాలదు, తండ్రికి చక్కెరవ్యాధి, బిడ్డకు వయసుకు తగిన పొడుగు లేదు. అన్నము చాలినంత యుండగా దేహమునకు లోటెట్లు వచ్చెనను ప్రశ్నకు సమాధానము కొంత మన తిండి చరిత్రలోనే దొరకును.

పూర్వకాలమున తెలుగుదేశము తిండినిబట్టి రెండు దేశములు. చెరువుల క్రిందను, ఏటి ఒడ్డులను మాగాణి. మిగిలిన విశాలభాగము మెట్ట. కాకతీయులు పాకాల, రామప్ప మొదలగు చెరువులను నిర్మించి తెలంగాణమున వరిని విస్తరింపజేసినను, సామాన్యుని నిత్యాహారము మెట్టధాన్యమే. కృష్ణా మండలమున, తెలంగాణమున జొన్న. రాయలసీమలో రాగి, కొర్ర, సజ్జ, ఆరిక. కళింగాంధ్రమున చోళ్లు, సామలు, ఊదలు. ఒకే ధాన్యము ఒకచోట రాగి, ఒకచోట చోడి, ఒకచోట తైద. దానితో వండినది ఒకచోట సంకటి, ఒకచోట అంబలి. జొన్నరవ్వతో కాచినది గటక. ఈ పేర్ల వైవిధ్యమే ఆ ధాన్యము ఆయా నేలలలో ఎంత లోతుగా వేరుదన్నినదో చెప్పుచున్నది.

అయినను వరి యెడల మనవారి మమత ప్రాచీనమైనది. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులలో, కొండవీటి రాజభోగము లనుభవించిన ఆ కవి పల్నాటి జొన్నకూటిని ఈసడించుట ప్రసిద్ధము. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి వంటకములు మార్చి వడ్డించును. క్రీడాభిరామములో ఓరుగల్లు పూటకూళ్ల యింటి భోజనము నోరూరించును. రెండుచోట్లను వరియన్నమునకే అగ్రపీఠము. ఇట్టి కావ్యసాక్ష్యములను ప్రోగుచేసి మన పూర్వుల తిండితీరులను వెలికితీసిన సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, పిదప తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందెను. భాషను చూడుడు: వరి వండినది ‘అన్నము’, జొన్న వండినది ‘కూడు’. పండుగనాడు మాత్రము వరియన్నము తినగల మెట్టరైతునకు అన్నము అన్న మాటయే ఐశ్వర్యమునకు పర్యాయపదము. తరువాతి కాలమున అతని మనుమలు జొన్నను విడిచి బియ్యమునకు పరుగెత్తిన వేగము ఈ వాంఛనెరిగినవారికి వింత గొల్పదు.

ఈ రెండు దేశములను ఒక్కటిగా కుదిపినది కరవు. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు మండలము వానలు లేక మాడిపోయెను. జనులు దానిని నందన కరవనిరి. చర్మమునంటి బయటపడిన డొక్కలను చూచి డొక్కల కరవు అనియు అనిరి. ఆ మండలమున ఉన్న సుమారు 5 లక్షల జనములో ఒకటిన్నర లక్ష మొదలు రెండు లక్షల వరకు నశించిరని నాటి లెక్కలు. వాన లేకపోవుట ఒక్కటే కారణము కాదు. పంట పోయిన యేటను శిస్తు వసూలు ఆగలేదు. పాతరలు గలవారి పాతరలును అడుగంటినవి. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునను సామెత మన భాషలో ఏనాడు పుట్టినదో గాని, ఇట్టి యేండ్లలో అది సామెతగా గాక వంటగా నుండెను. గోదావరీ మండలమునను స్థితి భిన్నము కాదు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. గోదావరి యింటి ముంగిటనుండి సముద్రమునకు పోవుచుండగా ఆ నది ఒడ్డునే జనులు ఎండిపోయిరి.

ఈ వైపరీత్యమును చూచి మొరపెట్టినవాడు ఇంజనీరగు ఆర్థర్ కాటన్. అతని ప్రేరణచే 1847లో మొదలైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది. పిమ్మట బెజవాడ వద్ద కృష్ణకును ఆనకట్ట 1855 నాటికి లేచినది. ఒక తరము గడచుసరికి డొక్కల దేశము ధాన్యపు దేశమైనది. గోదావరీ లంకలలో గన్నవరము అను పల్లెయందు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళను వచ్చిన బాటసారికిని వడ్డించి అన్నపూర్ణగా కీర్తి గాంచిరి. ఆమె దయ ఆమెదే; కాని ఎంతటి దయామయికైనను వడ్డించుటకు గాదెలో ధాన్యము ఉండవలెను గదా! ఆమె పుట్టిన యేడు జనులు చచ్చి తరిగిన జిల్లా, ఆమె వడ్డించునాటికి వరితో నిండిన జిల్లా. ఈ ఒక్క జీవితకాలమునందే కాలువ చేసిన పనియంతయు ఇమిడియున్నది.

కాలువ లేని సీమలకు అట్టి భాగ్యము లేకపోయెను. 1876–78లో, ధాత, ఈశ్వర నామ సంవత్సరములలో, బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములను మహాక్షామము మ్రింగివేసినది. దక్షిణదేశమంతటను మృతులైనవారి సంఖ్య 50 లక్షలకు పైమాటయే. 1877 జనవరి 1న ఢిల్లీలో రాజప్రతినిధియగు లిట్టన్ ప్రభువు మహావైభవముగా దర్బారు జరిపించినాడు. అదే మాసమున కరవుపనుల కూలిని కోసివేయుటకు రిచర్డ్ టెంపుల్ అను అధికారి మద్రాసునకు పంపబడినాడు. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని అతడు తీర్పుచెప్పెను. మన కొలతలో ఆ పౌను సుమారు 450 గ్రాములు. మద్రాసు ఆరోగ్యశాఖాధిపతియైన కార్నిష్ దీనిని తీవ్రముగా ఖండించి, ఎండలో రాళ్లుకొట్టు మనిషికి ఆ ధాన్యము చాలదనియు, చాలినను ధాన్యము మాత్రమే తిని దేహము నిలువదనియు, పప్పును కూరయు కూడ కావలెననియు వాదించెను. శిబిరములలో మరణములు పెరిగిన పిదప కూలి కొంత హెచ్చినది, పప్పును చేర్చబడినది.

ఈ వాదము మన చరిత్రలో గుర్తుంచుకొనదగినది. ఒక మనిషికి ఎంత తిండి కావలెనను ప్రశ్నతోపాటు, ఏ తిండి కావలెనను ప్రశ్న ప్రభుత్వము నెదుట అధికారికముగా నిలిచిన తొలి సందర్భములలో ఇదొకటి. ఖజానా తూకమును చూచినది. వైద్యుడు పోషణమును చూచినాడు. 1880లో క్షామవిచారణసంఘము నివేదిక యిచ్చినది, 1883లో క్షామనిబంధనలు వెలువడినవి. కాని తూకమే గెలిచినది. కడుపు నింపుట యొకటి, దేహమును పోషించుట వేరొకటి యను వివేకము ఆ రాళ్లగుట్టలనడుమ ఒకసారి మెరసి మరుగునపడినది.

కాలువదేశమున ఆ ప్రశ్న మరల వేరొక రూపమున పైకి వచ్చెను. విశాఖపట్టణము మొదలు నెల్లూరు వరకుగల తీరమున బెరిబెరి యను వ్యాధి పూర్వమునుండియు కాపురమున్నది. కాళ్లు తిమ్మిరెక్కి, దేహము ఉబ్బి, గుండె డస్సిపోవు ఈ రోగమును గూర్చి మద్రాసు సైన్యవైద్యుడు మాల్కంసన్ 1835లోనే ఒక గ్రంథము వ్రాసెను. ఉత్తర సర్కారులు దాని ప్రధానస్థానమని అతడెరుగును. దక్షిణమున తమిళులు ఎక్కువగా ఉప్పుడుబియ్యము తినెడివారు. ధాన్యమును ఉడికించి ఎండబెట్టి దంచుటచే పైపొరలోని సారము గింజలోనికి ఇంకును. తెలుగుతీరమువారికి పచ్చిబియ్యమే ప్రియము. రోకలిపోటుకు దంచినంతకాలము గింజపై తవుడు కొంతయైన మిగిలెడిది. ఊరూర బియ్యపుమరలు వచ్చి, గింజను అద్దమువలె మెరయునట్లు తోమివేయుటతో ఆ కొంచెమును పోయి, తవుడు గొడ్లకుడితిలో కలిసెను. పశువు పుష్టిగా నుండగా దాని యజమాని నీరసించిన విచిత్రమును సర్కారు పల్లెలు కన్నవి. తెల్లని అన్నము సంపదకు గురుతైననాడే సంపన్నుని కాళ్లకు తిమ్మిరి పట్టినది.

ఈ బెరిబెరిని పరిశీలించుటకు రాబర్ట్ మెకారిసన్ 1918లో నీలగిరులలోని కూనూరున, పాశ్చరు సంస్థలోని ఒక్క గదిలో పని ప్రారంభించెను. ఆ గది పెరిగి పోషకాహార పరిశోధనాలయమైనది. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. తెలుగువారి అన్నములోని లోపమును వెదకుటకు పుట్టిన పరిశోధనాలయము కడకు తెలుగునేలపైననే స్థిరపడుట ఒక చక్కని సంఘటన. ఇట్టిదే మరియొకటి. కాలువదేశపు నడిబొడ్డైన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సోదరులిరువురు స్ప్రూ యను జీర్ణరోగముచే నెత్తురు క్షీణించి మరణింపగా ఆ దుఃఖమును మనసున నిలుపుకొని, అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందముతో 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. ఆ పదార్థమును అంతకు కొంతకాలము ముందు పాలకూర ఆకులనుండి వేరుచేసిరి. దాని పేరునకు మూలము ‘ఆకు’ అను అర్థముగల లాటిను పదమే. నేడు గర్భిణికి ఇచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఉండునది అదియే. మెట్టచేని గట్టున ఉచితముగా మొలచు ఆకులో నున్న సారము, ఆ చేను పోయిన పిదప, మాత్రయై మరల మన యింటికి వచ్చినది.

ఇంతటితో మెట్టధాన్యములే అమృతములని భ్రమింపరాదు. కూనూరినుండి హైదరాబాదు చేరిన పరిశోధకులకు తెలంగాణమున ఎదురైన తొలి చిక్కులలో పెల్లాగ్రా ఒకటి. ఎండతగిలిన చోటనెల్ల చర్మము నల్లబడి పగులు ఈ రోగము జొన్నకూటిపైననే బ్రతుకు నిరుపేదలలో అగపడెను. జొన్నలోని ల్యూసీన్ అను ఆమ్లము అధికమై, దేహము నయాసిన్ అను విటమినును వినియోగించుకొను తీరును చెరచునని డాక్టరు గోపాలన్ ప్రభృతులు 1960 ప్రాంతమున వాదించిరి. ఇక్కడను దోషము ధాన్యమునది కాదు, ఏకాకితనమునది. జొన్నచేనిలో సాళ్లమధ్య కంది, అలసంద, అనుము వేయుట రైతు ఆచారము. కలుపుతీయుచు స్త్రీలు తుమ్మికూర, గంగవాయిలికూర ఒడినింపుకొని వచ్చెడివారు. ఆ చేను మొత్తము తినగలిగినవానికి జొన్న బలమిచ్చినది. నాగుకు తెచ్చిన గింజ మాత్రమే తినినవానికి అదే రోగమిచ్చినది. సర్కారు సంపన్నుని మెరుగుబియ్యమునకు పట్టిన శాపమే తెలంగాణ కూలివాని ఒంటిజొన్నకును పట్టినది.

స్వాతంత్ర్యము వచ్చునాటికి ఆకలి ఇంకను గుమ్మముననే ఉండెను. 1950ల తొలినాళ్లలో రాయలసీమ మరల ఎండగా గంజికేంద్రములు పెట్టవలసివచ్చెను. విద్వాన్ విశ్వంగారి ‘పెన్నేటి పాట’ ఆ కాలపు సీమదైన్యమునకు కావ్యరూపము. 1965–66 నాటి అనావృష్టి దేశమును అమెరికా గోధుమనావల కొరకు ఎదురుచూచునట్లు చేసెను. అట్టి వేళ ఫిలిప్పీనులనుండి ఐ.ఆర్. 8 అను పొట్టివరి వచ్చినది. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని సాగుచేసి, దిగుబడి చూపి, ఆ వరిపేరే తన బిరుదమగునంత కీర్తి గాంచిరి. ఆ యేడే నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిరి. పిమ్మట మారుటేరున పుట్టిన స్వర్ణ 1982లో, బాపట్లలో పుట్టిన సాంబమసూరి 1986లో రైతులకందినవి. రెండును తెలుగు పరిశోధనాక్షేత్రముల బిడ్డలే.

పండిన ధాన్యము పేదవాని కంచము చేరుటకు మరియొక అడుగు కావలసియుండెను. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుట ఆరంభించినది. నాగుకు గింజ తెచ్చుకొన్న కూలివాని మనుమనికి ఇది ఎట్టి మార్పో, ఆ గుమ్మమున నిలువని మనము ఊహించుట కష్టము. చౌకదుకాణము ఊరందరికిని పాతరయైనది. పెద్దకాపు దయతో, వడ్డీతో పనిలేని పాతర అది. కార్డు చూపి తీసుకొనదగిన పాతర. పండుగనాటి అన్నము నిత్యాన్నమైనది. కూడు అన్న మాట వినబడుట తగ్గినది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతాచట్టము దానిని హక్కుగా నిలిపినది. 2025 ఉగాదినాడు తెలంగాణలో చౌకదుకాణములకు సన్నబియ్యము వచ్చినది. శ్రీనాథుడు ఈసడించిన జొన్నకూటితో బ్రతికిన మెట్టజనమునకు రాజాన్నము నడచివచ్చినట్లే.

కాని ఈ అందరి పాతరలో పోసినది ఒక్కటే ధాన్యము. బియ్యము చౌకయై జొన్న ప్రియమైనప్పుడు, తిననొల్లని జొన్నను ఎవడు విత్తును? మెట్టచేలు ప్రత్తికిని, మొక్కజొన్నకును, అనంతపురమున వేరుసెనగకును పోయినవి. బోరు పడినచోట వరి మడులు వెలసినవి. కిలో బియ్యము పండుటకు కొన్నివేల లీటర్ల నీరు కావలెను. ఆ నీటిని తోడి పారించు కరెంటును, అడుగంటు భూగర్భమును ఆ రెండు రూపాయలలో ఎవరును లెక్కవేయలేదు. జొన్నతో సాళ్లలో నున్న కందియు, కలుపులో నున్న ఆకుకూరయు జొన్నతోనే సెలవు తీసుకొన్నవి. ఒక ధాన్యము స్థానమున వేరొకటి వచ్చినదని పైపై చూపుకు తోచినను, నిజమునకు ఒక చేనంతయు పోయి దాని స్థానమున ఒక సంచి వచ్చినది.

ఫలితము అంకెలలో నున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 59, తెలంగాణమున 58. అదే వయసు స్త్రీలలో అధికబరువు గలవారు ఆంధ్రమున నూటికి 36, తెలంగాణమున 30. ఐదేండ్లలోపు బిడ్డలలో వయసుకు తగిన పొడుగు లేనివారు ఆంధ్రమున 31, తెలంగాణమున 33. ఇవి మూడు వేరువేరు దేశముల లెక్కలు కావు, ఒకే పంక్తివి. దీనికి బియ్యమొక్కదానినే దోషిని చేయుట న్యాయము కాదు. తిరుగలి, రోకలి, నాగలి పోయినవి. కాయకష్టము తగ్గినను కంచములో అన్నపురాశి తగ్గలేదు. ప్రతి చౌరస్తాలోను నూనెగిన్నె కాగుచున్నది. టీ కప్పులో చక్కెర పెరిగినది. పొట్లపు చిరుతిండి బడిగుమ్మమున వ్రేలాడుచున్నది.

పేదరికమునకును స్థూలకాయమునకును గల చుట్టరికము మనము తలచినదానికంటె లోతైనది. జాతీయ పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు చేరువ పల్లెలలో, కొన్నిటియందు గర్భిణులకును పసిబిడ్డలకును అదనపు ఆహారమిచ్చి, తక్కినవానితో పోల్చిచూచిరి. ఆ బిడ్డలు యౌవనమునకు వచ్చిన పిమ్మట మరల పరీక్షింపగా, ఆహారమందిన పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగరులు మాత్రమే కాక, వారి దేహములు ఇన్సులినునకు మెరుగుగా లొంగుచుండెను. రక్తనాళములును మృదువుగా నుండెను. తల్లికడుపులో పస్తున్న శిశువు పెద్దయై కడుపునిండ తినునాటికి చక్కెరవ్యాధికి చేరువయగునని దీని భావము. నిన్నటి ఆకలి నేటి స్థూలకాయమునకు శత్రువు కాదు, ఒక విధముగా కన్నతల్లి. ఈ రెంటికిని రెండు శాఖలు, రెండు పథకములు పెట్టి వైద్యము చేయుట ఒకే చెట్టు కొమ్మలను వేరువేరుగా నరకుట వంటిది.

విడిచిన ధాన్యములను మరల చేపట్టవలెనను తలపు కొన్నియెడల ముందే పుట్టినది. జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగా 1983లో స్థాపితమైన దక్కను అభివృద్ధి సంఘమున, భూమి కొంచెము, చదువు కొంచెముగల దళితస్త్రీలు సంఘములుగా చేరి, బీళ్లు దున్ని, జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి విత్తి, విత్తనములను తమ యిండ్లలోనే దాచి, ఊరి జొన్నను ఊరి పేదలకే పంచు ఏర్పాటును నడపిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించెను. అప్పులో కూలివానిని పూడ్చిన పాతరను కూలివారే త్రవ్వుకొని సొంతము చేసికొన్నట్లయినది. హైదరాబాదు చుట్టును, పటాన్‌చెరున 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థయు, రాజేంద్రనగరున చిరుధాన్యముల పరిశోధనాసంస్థయు పనిచేయుచున్నవి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది.

అయితే నగరములలో కొర్రయు, అండుకొర్రయు పొట్లములకెక్కి, సన్నబియ్యమునకు మించిన వెలకు అమ్ముడుపోవుచున్నవి. పూర్వము లేనివాని కూడైనది నేడు ఉన్నవాని పథ్యమైనది. దానిని పండించు కూలి దానిని కొనలేడు. దంచి, చెరిగి, విసరి కొర్రబియ్యము తీయుటలో కోడికూతకు లేచిన స్త్రీల చేతులు ఎంత కాయలు కాచినవో మరచి, పూర్వుల ఆరోగ్యమును మాత్రమే పొగడువారును కలరు. వరి మరను చూచి సంతోషించిన ఆ స్త్రీ తప్పు చేయలేదు. ఆమెకు అంతకుముందే ఊరిలో కొర్ర మరనొకటి పెట్టియిచ్చినవారు లేకపోవుటయే తప్పు.

2030 నాటికి ఆకలి లేని లోకమును నిర్మింతుమని దేశములన్నియు ప్రతిజ్ఞచేసినవి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కన 2024లో లోకమున ఆకలిగొన్నవారు సుమారు 67 కోట్లు. 2022 నాటికే స్థూలకాయులు 100 కోట్లను దాటిరి. ఒకరి కంచమునుండి తీసి ఒకరి కంచమున వేసినంత సులభముగా ఈ రెండంకెలు సరిపడవు. రెండు నూరేండ్లలో మూడు విధములైన లేమిని అనుభవించిన తెలుగునాడు ఈ ప్రతిజ్ఞకు ఒక్క పాఠమును చేర్చగలదు: నీటిని తెచ్చినవాడు, విత్తనము కనుగొన్నవాడు, ధర దించినవాడు తమతమ కాలపు ప్రశ్నకు సరియైన సమాధానమే చెప్పిరి; ఆ ప్రశ్న మాత్రము ప్రతిసారియు తూకమును గూర్చినదే. ఏ తిండి అని కార్నిష్ అడిగిన రెండవ ప్రశ్న ఇంకను గుమ్మముననే నిలిచియున్నది.

కనుక మనము పూర్వపు పాతరను తెరువదలచుట మంచిదే. కాని పెద్దలు నేర్పిన పద్ధతిని మరువవద్దు. మూత తీసినంతనే దిగకుడు, దీపమును దింపి చూడుడు. ఆ వెలుగున జొన్నలు మాత్రమే కాదు, ఒంటిజొన్న తిని చర్మము పగిలిన కూలివాడును, తిరుగలి ముందు తెల్లవారిన స్త్రీయు, ఒకటికి ఒకటిన్నర వ్రాసిన పద్దును కానవచ్చును. వానినెల్ల చూచిన పిమ్మటను దీపము ఆరక నిలిచినచో, అందుండి మనము పైకి తేదగినది గింజలు మాత్రమే. తెచ్చి పోయదగిన చోటు ఊరివారందరికిని పాలుగల ఆ చౌకదుకాణమే. అక్కడ సన్నబియ్యపు బస్తా ప్రక్కన జొన్నలును, రాగులును, దోసెడు కందిపప్పును అదే ధరకు, అదే గౌరవముతో నిలిచిననాడు, కూడు అన్న మాటకును అన్నమన్న మాటకును నడుమ నున్న దూరము తరుగును.